రేపటి ఆకలి

రోహిణి కార్తె ఎండలు ముదిరేసరికి మెట్టసేద్యం చేసే ఇంట్లో తిండిగింజ అడుగంటుతుంది. మాఘంలోనో ఫాల్గుణంలోనో ఇంటికొచ్చిన యాసంగి జొన్న రోజువారీ రొట్టెలకు, పెళ్లిళ్లకు, చేబదుళ్లకు కరిగిపోయి ఉంటుంది. మిరుగు వానలకు విత్తినా, అందరికంటే ముందు చేతికొచ్చే పెసలకైనా రెండు నెలలకు పైగా ఆగాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఇంట్లో ఓ మూల, పేడతో అలికిన ఈతబుట్టలో, బూడిద కలిపి వేపాకు పరిచి మూతి మట్టితో మూసిపెట్టిన జొన్నలు, కందులు, కొర్రలు, అనుములు ఉంటాయి. అవీ తినే గింజలే. విసిరితే రొట్టె అవుతుంది, ఉడికిస్తే పప్పవుతుంది. అయినా వాటి మీద చెయ్యి వేయకూడదన్నది ఇల్లాలి కట్టడి. అవి విత్తనాలు.

మొగుడంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఇది తరాలుగా సాగుతున్న పద్ధతి. ఈ ఊరు 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాద్ మండలం నుంచి విడివడి, సంగారెడ్డి జిల్లాలో కొత్త మండల కేంద్రమైంది. కర్ణాటక పొలిమేర. ఎక్కువగా ఎర్రనేల, అక్కడక్కడా నల్లరేగడి. వాన మీద ఆధారపడ్డ చేలల్లో జొన్న, కంది, పెసర, మినుము, ఉలవ, నువ్వు కలిపి చల్లే అలవాటున్న ప్రాంతం. మనిషి మనసుకు నిన్న, రేపు అనేవి ఎలా తెలిశాయో చెప్పే ఈ అధ్యాయాన్ని ఆ ఈతబుట్ట దగ్గర మొదలుపెట్టడానికి బలమైన కారణం ఉంది. ఆకలి ఇప్పుడుంది, గింజ ఇప్పుడుంది, చెయ్యి మాత్రం ఆగింది. ఇంకా రాని వానను, మొలవని మొక్కను, వచ్చే ఏటి ఆకలిని మనసులో చూడగలిగితే తప్ప ఆ చెయ్యి ఆగదు. నాకు తెలిసినంతలో జంతుప్రపంచంలో మనిషిని విడిగా నిలబెట్టే శక్తుల్లో ఇంత సాదాగా కనిపించేది, ఇంత లోతైనది మరొకటి లేదు.

జర్మన్ శాస్త్రవేత్తలు నార్బర్ట్ బిషాఫ్, డోరిస్ బిషాఫ్-కోలర్ ఈ విషయంలో ఒక పదునైన ప్రతిపాదన చేశారు. జంతువుకు ఇప్పుడు ఏ అవసరం ఉందో దాని కోసమే అది పనిచేయగలదు. ఇప్పుడు లేని, రేపు రాబోయే అవసరాన్ని ఊహించి దాని కోసం పనిచేయలేదు అన్నది వారి వాదం. దీనికి ఉదాహరణగా ఒక ప్రయోగశాలలోని సెబస్ కోతుల సంగతి చెబుతారు. వాటికి రోజుకోసారి తిండి పెట్టేవారు. కడుపునిండా తిన్నాక మిగిలినదాన్ని అవి బోనులోంచి బయటికి విసిరేసేవి. కొన్ని గంటల తర్వాత మళ్లీ ఆకలితో అల్లాడేవి. మర్నాడూ అదే కథ. కడుపు నిండి ఉన్నప్పుడు, రాత్రికి వచ్చే ఆకలి వాటి లెక్కలోకి రాదు.

మరి చీమలు గింజలు దాచవా అని అడగవచ్చు. దాస్తాయి. కానీ చీమకు కరువంటే ఏమిటో తెలియనక్కర్లేదు. ఒక్క ఎండాకాలమైనా చూడని చీమ కూడా గింజను పుట్టలోకి లాక్కుపోతుంది. అది కోట్ల ఏళ్ల ప్రకృతి వరణం ఆ జాతి శరీరంలో రాసిపెట్టిన పని. ఈతబుట్ట ముందు కూర్చున్న ఇల్లాలి సంగతి వేరు. ఏ కంకి ఏ చెలకలో ఎండకు తట్టుకుందో, ఏ ఏడు ఏ గింజ పురుగు పట్టిందో ఆమెకు గుర్తుంది. పంట కోతకు ముందే చేనంతా తిరిగి, బాగున్న కంకుల్ని ఏరి విడిగా ఎండబెట్టి కొట్టుకుంది. ఆమె రేపటి కోసం చేసిన పనిలో నిన్నటి జ్ఞాపకం నిండి ఉంది. ఈ రెండింటికీ, నిన్నకూ రేపుకూ, మెదడులో ఉన్న బంధుత్వం ఎంత దగ్గరదో గత యాభై ఏళ్ల పరిశోధన చూపించింది.

ఆ కథ కెనడాలోని టొరంటోలో, శాస్త్రలోకం కె.సి. అని పిలుచుకున్న ఒక మనిషి దగ్గర మలుపు తిరిగింది. 1981లో, ముప్పై ఏళ్ల వయసులో, మోటారుసైకిలు ప్రమాదంలో ఆయన తలకు పెద్ద దెబ్బ తగిలింది. హిప్పోకాంపస్‌తో పాటు మెదడులో మరికొన్ని భాగాలు బాగా దెబ్బతిన్నాయి. బతికి బయటపడ్డాక ఆయన మాట బాగుంది, తెలివి బాగుంది, చదరంగం ఆడగలడు. చదువుకున్న విషయాలు, తన ఇల్లు ఎక్కడుందో, సొంత కారు ఏ రకమో అన్నీ చెప్పగలడు. కానీ తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటననైనా జరిగినట్టుగా గుర్తు తెచ్చుకోలేడు. సొంత తమ్ముడు చనిపోయిన రోజు కూడా అంతే. చనిపోయాడని తెలుసు, ఆ రోజు మాత్రం మనసులో లేదు.

ఆయన్ను ఏళ్ల తరబడి పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ అప్పటికే 1972లో జ్ఞాపకాన్ని రెండుగా విడదీసి చూపినవాడు. లోకం గురించి తెలిసిన విషయాలు ఒక రకం, నేను అక్కడున్నాను, నాకు ఇలా జరిగింది అనే అనుభవాలు ఇంకో రకం. విషయ స్మృతి, అనుభవ స్మృతి అనుకుందాం. కె.సి.లో మొదటిది నిలిచి రెండోది పోయింది. టుల్వింగ్ ఇక్కడితో ఆగలేదు. నిన్న ఏం చేశావని అడిగినట్టే, రేపు ఏం చేస్తావని కూడా అడిగాడు. కె.సి. దగ్గర జవాబు లేదు. నిన్న గురించి అడిగినప్పుడు మనసులో ఎంత ఖాళీ ఉందో, రేపు గురించి అడిగినా అంతే ఖాళీ. గడియారం చూడటం తెలుసు, కాలెండరు తెలుసు, రేపు అంటే ఏమిటో తెలుసు. ఆ రేపటిలో తనను తాను నిలబెట్టుకోవడమే తెలియదు.

ఇది ఒక్కరి విషయమేనా అన్న సందేహం 2007లో తీరింది. లండన్‌లో డెమిస్ హసాబిస్, ఎలినార్ మగ్వైర్ బృందం హిప్పోకాంపస్ దెబ్బతిన్న ఐదుగురిని పరీక్షించింది. ఇసుక తీరంలో పడుకున్నట్టు ఊహించి ఏం కనిపిస్తుందో చెప్పమంటే వారిలో చాలామంది తునాతునకలుగా చెప్పారు. ఇది సముద్రం, అది ఆకాశం అన్నారే గానీ, ఆ ముక్కలు ఒక చోటుగా కూడలేదు. అదే కాలంలో డేనియల్ షాక్టర్, డోనా రోజ్ ఆడిస్ మెదడు చిత్రాలు తీసి చూస్తే, జరిగినదాన్ని గుర్తు తెచ్చుకునేటప్పుడూ జరగబోయేదాన్ని ఊహించేటప్పుడూ మేలుకునే భాగాలు చాలావరకు ఒకటే అని తేలింది.

దీన్ని బట్టి జ్ఞాపకం గురించి మనకున్న పాత అభిప్రాయం మార్చుకోవాల్సి వస్తుంది. జరిగినదాన్ని జరిగినట్టు భద్రపరచడం జ్ఞాపకం పని అయితే, అది ఇంత తరచుగా తప్పుతుందేం? బ్రిటన్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు, మనుషులు విన్న కథను మళ్లీ చెప్పేటప్పుడు తమకు తెలిసిన లోకానికి తగ్గట్టు మార్చి చెబుతారని. షాక్టర్, ఆడిస్‌ల వాదం ఇదీ: జ్ఞాపకం గతాన్ని ముక్కలుగా దాచుకుంటుంది, ఎందుకంటే రేపును అల్లడానికి ముక్కలే కావాలి. పాత ఇల్లు విప్పి, ఆ రాళ్లూ దూలాలతోనే కొత్త ఇల్లు కట్టుకున్నట్టు. రాళ్లు విడివిడిగా వస్తేనే కొత్త గోడ లేస్తుంది. అందుకే ఒక్కోసారి పాత ఇంటిని మళ్లీ పేర్చబోతే వేరే ఇంటి రాయి అందులో చేరిపోతుంది. సాక్షి తప్పు చెప్పడానికీ, రైతు వచ్చే ఏటి పంటను ఊహించడానికీ మూలం ఒకే శక్తి.

ఎలుకల మెదడులో దీని తొలి ఛాయలు కనిపిస్తాయి. 1971లో జాన్ ఓకీఫ్ హిప్పోకాంపస్‌లో కొన్ని కణాలు ఎలుక ఒక నిర్దిష్ట చోటికి చేరినప్పుడే స్పందిస్తాయని కనిపెట్టాడు. 2014లో మోజర్ దంపతులతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇంకా ఆసక్తి కలిగించేది 2007లో ఆడమ్ జాన్సన్, డేవిడ్ రెడిష్ చూసినది. దారి రెండుగా చీలే చోట ఎలుక ఆగి అటూ ఇటూ చూస్తుంది. ఆ క్షణంలో దాని శరీరం కదలదు, కానీ ముందున్న దారికి సంబంధించిన కణాలు వరసగా వెలుగుతాయి. ముందు ఒక దారి వెంట, తర్వాత ఇంకో దారి వెంట. అడుగు వేయకముందే మెదడు ముందుకు నడిచి వచ్చింది. ఆ ఎలుకకు రేపు తెలుసని దీని అర్థం కాదు. రెండడుగుల అవతల ఏముందో చూసుకునే యంత్రం మాత్రం దానిలో ఉంది. మనలోని దూరదృష్టి దాని మీదే పెరిగి ఉండాలి.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. ఈ శక్తి మనిషిలో పుట్టుకతో సిద్ధంగా రాదు. మూడేళ్ల పిల్లాడు మాటలు బాగా నేర్చి ఉంటాడు, నిన్న, రేపు అని కూడా అంటాడు. పోయిన ఏడాది జరిగిన పెళ్లి కూడా వాడికి నిన్నే, ఇందాక తిన్న జామపండూ నిన్నే. 2005లో ఆస్ట్రేలియాలో జేనీ బజ్బీ, థామస్ సడెన్‌డార్ఫ్ మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లల్ని నిన్న, రేపుల గురించి అడిగారు. నిన్న ఏం చేశావు? రేపు ఏం చేస్తావు? జవాబులు నిజమా కాదా తల్లిదండ్రుల్ని అడిగి సరిచూశారు. మూడేళ్లవారిలో దాదాపు మూడోవంతు మాత్రమే సరైన జవాబు చెప్పగలిగారు. నాలుగు, ఐదేళ్లవారిలో దాదాపు మూడింట రెండు వంతులు చెప్పారు. ఇందులో ముఖ్యమైన సంగతి వయసు కాదు. నిన్న చెప్పగలిగే శక్తి, రేపు చెప్పగలిగే శక్తి ఒకే ఈడులో, పక్కపక్కనే పెరగడం. కె.సి.లో రెండూ కలిసి పోయాయి, పిల్లల్లో రెండూ కలిసి వస్తాయి.

మాటల మీద ఆధారపడ్డ పరీక్షను నమ్మలేమని ఎవరైనా అనవచ్చు. దానికి టుల్వింగ్ చూపిన దారి ఒకటుంది. ఆయన పుట్టిన ఎస్టోనియాలో ఒక పిల్లల కథ ఉంది. ఓ చిన్నపిల్ల కలలో విందుకు వెళ్తుంది. అందరూ తియ్యని పాయసం తింటున్నారు, ఈ పిల్ల దగ్గర చెంచా లేదు, తినలేకపోయింది. మర్నాడు రాత్రి పడుకునేటప్పుడు చెంచా చేత్తో పట్టుకుని మరీ పడుకుంది. ఇక్కడ అవసరం లేనిది, అక్కడ పనికొచ్చేది, ఇప్పుడే తీసుకోగలవా? ఈ కథ ఆధారంగా 2011లో సడెన్‌డార్ఫ్ బృందం పిల్లలకు ముక్కోణపు రంధ్రం ఉన్న తాళపు పెట్టె చూపించింది. తర్వాత వేరే గదిలోకి తీసుకెళ్లి, పదిహేను నిమిషాలాగి, రకరకాల తాళంచెవుల ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు ఆ గదికి వెళ్తున్నాం, ఏది తీసుకుంటావు అని అడిగింది. నాలుగేళ్లవారు సరైనదే తీశారు. మూడేళ్లవారు పెట్టె ఎదురుగా ఉన్నప్పుడే సరిగా ఎంచారు, ఆలస్యమైతే తప్పారు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది క్రిస్టినా అటాన్స్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్‌ల ప్రయోగం. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకు ముందుగా ఉప్పు చల్లిన కరకరలాడే తినుబండారం పెట్టారు. పిల్లలకు దప్పిక వేసింది. అప్పుడు అడిగారు: రేపు ఇక్కడికి వచ్చినప్పుడు నీకు ఏం కావాలి, ఆ తినుబండారమా, నీళ్లా? దప్పిక లేని పిల్లల్లో ఎక్కువమంది రేపటికి తినుబండారమే కోరారు. దప్పికతో ఉన్నవారు రేపటికీ నీళ్లే కోరారు. ఐదేళ్లవారూ ఇందుకు మినహాయింపు కాదు. రేపు దప్పిక ఉండకపోవచ్చని వారికి తట్టలేదు. ఇప్పటి దాహం రేపటిని కూడా దాహంగా చూపించింది. పెద్దవాళ్లం మనమూ దీన్నుంచి పూర్తిగా బయటపడలేదు. ఖాళీ కడుపుతో అంగడికి వెళ్లినవాడు అవసరానికి మించి కొనుక్కొస్తాడు. బిషాఫ్, బిషాఫ్-కోలర్ గీసిన గీత జంతువుకూ మనిషికీ మధ్య మాత్రమే లేదు, ప్రతి మనిషిలోనూ ఉంది. కష్టపడి దాటాలి.

ఆ గీతకు అవతల మనుషులు తప్ప ఎవరూ లేరా? ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదులాట నడుస్తోంది. 1998లో నికోలా క్లేటన్, ఆంథొనీ డికిన్సన్ అమెరికాకు చెందిన స్క్రబ్ జే అనే పక్షులకు పురుగులూ వేరుశనగ గింజలూ దాచుకోనిచ్చారు. పురుగులంటే వాటికి ఎక్కువ ఇష్టం, కానీ కుళ్లిపోతాయి. దాచిన నాలుగు గంటలకు వదిలితే పక్షులు పురుగుల కోసం వెతికాయి. 124 గంటల తర్వాత వదిలితే పురుగుల జోలికి పోకుండా వేరుశనగ కోసం వెళ్లాయి. ఏది, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ వాటికి గుర్తున్నాయి. 2007లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. పొద్దున తిండి దొరకని గది ఏదో, దొరికే గది ఏదో పక్షులకు అనుభవంలోకి తెచ్చి, ఒక సాయంత్రం గింజలిచ్చి చూశారు. తిండి దొరకని గదిలోనే అవి ఎక్కువ దాచాయి. 2006లో నికొలస్ ముల్కాహీ, జోసెప్ కాల్ పరీక్షించిన బొనోబోలు, ఒరాంగుటాన్లలో కొన్ని, మర్నాటికి పనికొచ్చే పనిముట్టును రాత్రి తాము పడుకునే చోటికి తీసుకెళ్లి, పొద్దున తిరిగి తెచ్చుకున్నాయి. స్వీడన్‌లోని ఫురువిక్ జంతుశాలలో శాంటినో అనే చింపాంజీ, చూడటానికి వచ్చేవారి మీద విసరడానికి వారు రాకముందే ప్రశాంతంగా రాళ్లు పోగుచేసి పెట్టుకోవడాన్ని మథియాస్ ఓస్వాత్ 2009లో ప్రకటించాడు.

నా అభిప్రాయం ఇదీ. ఈ జీవులకు రేపు పూర్తిగా మూసి ఉందని ఇక అనలేం. కానీ వాటికి ఆ తలుపు ఒక్కో పనికే తెరుచుకుంటుంది. పక్షికి తిండి దాచడంలో ఉన్న ముందుచూపు గూడు విషయంలోనో, పిల్లల విషయంలోనో కనబడదు. మనిషి ముందుచూపుకు అలాంటి ఒక్క విషయమంటూ లేదు. కూతురి పెళ్లి, చేనికి గట్టు, చచ్చాక ఎవరు మోస్తారన్న దిగులు, అన్నీ అందులో పడతాయి.

ఈ శక్తి ఎప్పుడు వచ్చింది? ఆలోచనలు శిలాజాలు కావు. రాళ్లు మాత్రం మిగిలాయి. మొగుడంపల్లికి నైరుతిగా, రెండు వందల కిలోమీటర్ల లోపే, కర్ణాటకలోని హుణసగి లోయలో ఇసాంపూర్ అనే చోటుంది. ఆచార్య కె. పద్దయ్య 1990ల చివర అక్కడ తవ్వకాలు జరిపారు. సున్నపురాయి పలకలు సహజంగా బయటికి తేలిన ఆ చోట ఆదిమానవులు రాయి ఎంచుకుని, చెక్కి, చేగొడ్డళ్లు తయారుచేశారు. సగం చెక్కి వదిలేసినవి, చెక్కుతుండగా రాలిన పెచ్చులు, పూర్తయినవి అన్నీ ఒకేచోట దొరికాయి. దాని వయసు దాదాపు 12 లక్షల ఏళ్లని లెక్కగట్టారు. చేగొడ్డలిని రెండు వైపులా చెక్కాలంటే, రాతిలో ఇంకా లేని రూపాన్ని కళ్లముందు నిలుపుకోవాలి, ఈ దెబ్బ తర్వాత వచ్చే దెబ్బ ఏదో ముందే అనుకోవాలి. ఆ రూపం కళ్లముందు నిలిచినా వచ్చే ఏడు కనిపించిందని చెప్పలేం. వచ్చే గంట మాత్రం కనిపించే ఉంటుంది.

వచ్చే ఏడు కనిపించిందనడానికి దక్కనులో తిరుగులేని సాక్ష్యం విత్తనమే. దాదాపు ఐదు వేల ఏళ్ల కిందటి నుంచీ దక్షిణ దక్కను నవీన శిలాయుగపు ఊళ్లలో అండుకొర్రలు, ఉలవలు, పెసల సాగు ఆనవాళ్లున్నాయని డోరియన్ ఫుల్లర్, ఆయన తోటి పురావృక్ష శాస్త్రజ్ఞులు బూడిదలో మిగిలిన గింజల్ని పరిశీలించి చూపారు. సేద్యం మొదలైన నాటినుంచీ ప్రతి ఏటా, ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు ఆకలి ముందు గింజను కాపాడారు. ఒక్క ఏడు తప్పినా ఆ రకం అక్కడితో ఆగిపోయేది.

దీన్ని ఒక్కొక్క మనిషి మనోబలం మీద వదిలేస్తే జరిగే పని కాదు. కరువు మరీ ముదిరిన ఏళ్లలో విత్తనం తిన్న ఇళ్లూ ఉన్నాయి. ఆ తర్వాత వాన పడినా చేతిలో గింజ ఉండేది కాదు. షావుకారి దగ్గర నాగుకు తెచ్చుకుని, పంట మీద ఒకటికి ఒకటిన్నరో, రెండో కొలవాల్సి వచ్చేది. అందుకే మనుషులు ముందుచూపును తల లోపల మాత్రమే ఉంచుకోకుండా బయట కూడా కట్టుకున్నారు. ఇరవై ఏడు కార్తెలు అలాంటి కట్టడమే. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. మిరుగులో ఏం విత్తాలి, హస్తలో ఏం విత్తాలి, ఎప్పటికి ఏది చేతికొస్తుంది అన్నది ఏ ఒక్కరి జ్ఞాపకంలోనూ ఇమడనంత పెద్ద అనుభవం. దాన్ని ఊరంతా కలిసి మోస్తుంది. పూజలూ కట్టుబాట్లూ అదే పని చేస్తాయి. విత్తనాల బుట్టకు బొట్టు పెట్టాక దాని మీద చెయ్యి వేయడం కష్టం.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కథను నేను ఈ కోణంలోనే చదువుతాను. ఈ ప్రాంతపు పల్లెల్లో సంఘాలుగా ఏర్పడ్డ మహిళలు, వారిలో ఎక్కువమంది దళితులు, ఊరూరా విత్తనాల బ్యాంకులు పెట్టుకున్నారు. లేనివారు తీసుకుంటారు, పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి పోస్తారు. ఆ ఎక్కువ షావుకారి గాదెలోకి పోదు, ఇంకో ఇంటికి విత్తనమవుతుంది. ఏటా సంక్రాంతికి బయల్దేరే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఈ గింజలన్నీ ఊళ్లు తిరుగుతాయి. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియో ఈ ఊళ్ల మహిళల గొంతులతోనే నడుస్తుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది. సంస్థ వ్యవస్థాపకుల్లో ముఖ్యుడైన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. పంటల వైవిధ్యం గురించి, పౌష్టికత గురించి ఈ పనిని మెచ్చుకున్నవారు చాలామంది ఉన్నారు. మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇక్కడ జరిగింది ఇంకొకటి కూడా. ఒక్కో ఇంట్లో ఆకలి వల్ల తెగిపోగల ముందుచూపును నలుగురూ కలిసి తెగకుండా కాపాడుకున్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేదవాళ్లు రేపటి గురించి ఆలోచించరు అనే మాట పట్టణాల్లో తేలిగ్గా వినిపిస్తుంది. అది తప్పు. 2013లో ఆనందీ మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పంట అమ్మకముందు ఒకసారి, అమ్మాక ఒకసారి పరీక్షించారు. అదే రైతు డబ్బుకు కటకటలాడే రోజుల్లో తర్క పరీక్షల్లో తక్కువ చేశాడు, డబ్బు చేతికొచ్చాక బాగా చేశాడు. తర్వాత జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఇంత తేడా కనిపించలేదు గనుక ఈ ఒక్కదాని మీదే అంతా నిలబెట్టలేం. కానీ దప్పికతో ఉన్న పిల్లల ప్రయోగం పక్కన పెట్టి చూస్తే అర్థం స్పష్టం. ఇప్పటి అవసరం గొంతు పట్టుకున్నప్పుడు రేపు కనిపించకపోవడం గుణలోపం కాదు, మనిషి మెదడు పనిచేసే తీరు. జహీరాబాద్ చుట్టుపక్కలా చెరకు వేసేవారు చాలామంది ఉన్నారు. బిల్లు రావడం ఆలస్యమైతే ఆ రైతు పోగొట్టుకునేది వడ్డీ ఒక్కటే కాదు.

పిల్లల్లో ఈ శక్తి ఎలా బలపడుతుంది అన్నదానికి మనకు బాగా తెలిసిన జవాబు ఒకటి ఉంది: పెద్దవాళ్ల మాట. న్యూజీలాండ్‌లో హార్లీన్ హేన్ బృందం 2000లో ప్రకటించిన అధ్యయనంలో, అక్కడి మూలవాసులైన మావోరీ పెద్దల తొలి జ్ఞాపకాలు సగటున మూడేళ్లు నిండకముందువని తేలింది. పాశ్చాత్య దేశాల్లో సగటున అది మూడున్నరేళ్ల దగ్గర ఉంటుంది. మావోరీ సంస్కృతిలో జరిగినదాన్ని కథగా చెప్పుకోవడానికి ఉన్న విలువే ఇందుకు కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. ఎలైన్ రీస్ వంటివారి పరిశోధనలు దీన్ని ఇంకా దగ్గరగా చూపాయి. జాతరకు పోయొచ్చిన మనవడిని నాయనమ్మ, “బండ్లు జూసినవా?” అని అడిగి అవునంటే ఊరుకుంటే అది ఒక రకం. “ముందల బండి మీద ఏముండె బిడ్డా? కంకులా? ఎట్లాంటి కంకులు, ఎర్రగుండెనా, పచ్చగుండెనా? నువ్వెందుకు ఏడ్చినవ్ అప్పుడు? మళ్లొచ్చే ఏడు ఎవరి బండెక్కుతవ్?” అని తవ్వి తవ్వి అడిగితే అది వేరు. రెండో రకం మాటల మధ్య పెరిగిన పిల్లలకు జ్ఞాపకాలు వివరంగా నిలుస్తాయి. ఆఖరి ప్రశ్న గమనించండి. నిన్నటి బండి మీదే రేపటి ప్రయాణం ఎక్కించింది ఆ ముసలమ్మ.

ఇంతవరకు చెప్పిన పిల్లల ప్రయోగాలు జరిగినవి ఎక్కువగా ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా, న్యూజీలాండ్‌లలో. అక్కడి చాలామంది పిల్లలకు తిండి అంగడి నుంచి వస్తుంది. ఇంట్లో గింజ ఉండీ తినకుండా కాపాడే అమ్మను చూస్తూ పెరిగే పిల్లలకు ఈ ముందుచూపు ఇంకా ముందుగా వస్తుందా? ఏటా ప్యాకెట్ విత్తనం కొనే ఇళ్ల పిల్లలకూ వీరికీ తేడా ఉంటుందా? ఉస్మానియాలోనో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో మనస్తత్వ శాస్త్రం చదువుతున్న విద్యార్థులకు ఇది నా విన్నపం. ఈ ప్రశ్న పట్టుకుని మొగుడంపల్లి అంగన్‌వాడీలకు వెళ్లండి. ప్రయోగశాల అక్కర్లేదు. ఉప్పుశనగలు, చెంబెడు నీళ్లు, రెండు రోజుల ఓపిక చాలు. ఆ ఊళ్లలో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇళ్లున్నాయి గనుక పిల్లాడి ఇంటి భాషలోనే అడగండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, దప్పికైన పిల్లలకు పరీక్ష అవగానే నీళ్లివ్వండి. వచ్చిన ఫలితాన్ని ఏ ఇంగ్లీషు పత్రికకో పంపే ముందు తెలుగులో రాసి ఆ తల్లులకే మొదట వినిపించండి.